అచ్చులో లేని రెండు స్తంభాలు

తెల్లవారగానే దియోగస్ గడప మీద కూర్చుని, తాను అచ్చు చెక్కిన కంచు నాణేన్ని అరచేతిలో పెట్టుకుని, అందులో అమ్మవారి కళ్లు వెతికేవాడు. అంజూరపండును అడ్డంగా కోస్తే వచ్చే బిళ్ళంత నాణెం. దాని మీద గుడి. గుడిలో ముసుగేసుకుని నిలబడ్డ తల్లి, ఆమెకు చెరో పక్కా ఒక సింహం. ఆమె ముఖం నువ్వుగింజంత. ఆ ముఖంలో సూదిమొనతో పొడిచిన రెండు చుక్కలే కళ్లు. ఆ రెండూ విడివిడిగా కనిపిస్తే ఆ రోజుకు గండం గడిచినట్టే.

"కనిపించాయా?" అని లోపల పిండి కలుపుతూ భార్య అఫ్ఫియస్ అడిగేది.

"ఆఁ, కనిపించాయి."

గుడి ముందు అమ్మవారి కోల, ఆ పొడవాటి చేతికర్ర, నిలబెట్టిన తొమ్మిదో రోజు పొద్దున అతను జవాబు చెప్పలేదు. చుక్కలు రెండూ కలిసిపోయి ఒకే మచ్చలా ఉన్నాయి. నాణేన్ని కాస్త దూరంగా పట్టుకున్నాడు. దగ్గరికి తెచ్చుకున్నాడు. కళ్లు నులుముకున్నాడు. మచ్చ మచ్చగానే ఉంది.

"ఏమయ్యా, అడుగుతుంటే?"

"ఎండ ఇంకా రాలేదే," అన్నాడు. ఎండ అప్పటికే ఎదురింటి పెంకుల మీదికి దిగింది.

దోరెసా ఊళ్లో పుట్టినవాడికి ఈ భయం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నల్ల నేల మీద తల్లికి కోపం వస్తే మొదట అడిగేది కళ్లనే. ఊరి నుంచి గుడికి వెళ్లే దారికి రెండు పక్కలా రాళ్లు పాతి ఉంటాయి. ప్రతి రాయి మీదా చెక్కిన జత కళ్లు, వాటి కింద చేసిన తప్పు. ఒకడు తల్లి తోపులో కట్టెలు కొట్టాడు. ఒకతె ఉతకని బట్టతో లోపలికి వెళ్లింది. ఇంకొకడు గుడి పావురాలను దొంగిలించాడు. తప్పు ఒప్పుకుని, రాయి పాతి, తల్లి శక్తిని నలుగురికీ చాటితే చూపు తిరిగి వస్తుంది. ఒప్పుకోకపోతే రాదు. తప్పు చేసినవాడు తనంతట తాను బయటపడకపోతే నష్టపోయినవాళ్లు గుడి ముందు తల్లి కోలను నిలబెడతారు. అక్కడి నుంచి వెతుక్కునే పని తల్లిది.

చిన్నప్పుడు దియోగస్ ఆ కళ్లను లెక్కపెడుతూ నడిచేవాడు. పనివాడయ్యాక ఆ చెక్కుడును చూసి వెక్కిరించేవాడు. "కళ్లా ఇవి? ఉప్పుచేపల్లా ఉన్నాయి. తల్లి క్షమించిందేమో గానీ నేనైతే ఒప్పుకోను," అనేవాడు. ఇప్పుడు ఆ దారిన వెళ్లాల్సివస్తే తల దించుకుని పోతున్నాడు.

అతనికి పని నేర్పిన గురువు లేడు. తండ్రి కొడవళ్లు చేసేవాడు. పదమూడేళ్ల వయసులో దియోగస్ అరిగిపోయిన పాత నాణేలను మైనంలో అద్ది, పడిన గుంటల్ని చూసి, కొలిమి దగ్గర పారేసిన కంచు ముక్కల మీద అవే గుంటలు తవ్వడం మొదలుపెట్టాడు. ఎన్నో ముక్కలు పాడుచేశాడు. సన్న ఉలులు తానే చేసుకున్నాడు. ఊరివాళ్లు చేయించుకున్న మొదటి అచ్చులో ఊరి పేరు చక్కగా, చదవడానికి వీలుగా చెక్కాడు. అచ్చులో చక్కగా ఉన్నది నాణెం మీద తిరగబడి వచ్చింది. ఏడాదిపాటు ఊరంతా అతన్ని తిరగబడ్డ దియోగస్ అని పిలిచింది. పెళ్లయ్యాక ప్రతి అచ్చునూ మైనంలో అద్ది చూసే పని అఫ్ఫియస్ తీసుకుంది. ఆమెకు చదువు రాదు. కానీ ఏ అక్షరం ఎటు తిరిగి ఉండాలో ఆమెకు తెలిసినంతగా ఊరి గుమాస్తాలకు తెలియదు. అలా ఇరవై ఆరేళ్లలో నది పొడవునా నాలుగు ఊళ్లు అతని చేత అచ్చులు చేయించుకున్నాయి. గుర్రాలు, ద్రాక్షగుత్తులు, కుండ మీద చేయి వేసుకుని పడుకున్న నదీదేవుడు, చక్రవర్తుల గడ్డాలు. గుడి మాత్రం పోయిన ఏడు కోతల దాకా ఎవరూ అడగలేదు.

ఆ ఏడు ఊరి పెద్దగా ఉన్న స్కోల్లస్ స్వయంగా కొలిమి దగ్గరికి వచ్చాడు. "నాణెం మీద మన తల్లి గుడి కావాలి దియోగస్. లోపల తల్లి కనిపించాలి. కింద నా పేరు కనిపించాలి."

"ఏది ముందు కనిపించాలయ్యగారూ?" అని అడిగింది అఫ్ఫియస్.

స్కోల్లస్ కాస్త ఆలోచించి, "తల్లే," అన్నాడు.

దియోగస్ ముడులేసిన తాడు పట్టుకుని కొలతలకు వెళ్లాడు. గుడి ముఖానికి ఆరు స్తంభాలు. అన్నీ కొలిచి మనసులో కుదించి చూసుకుంటే కుదరలేదు. ఆరింటినీ వాటి వాటి దూరాల్లో పెడితే నడిమి సందు గోధుమ వెన్ను ముల్లంత వస్తుంది. అందులో తల్లి పట్టదు.

మూడో స్తంభానికీ నాలుగో స్తంభానికీ మధ్య, మెట్టు మీద మెల్తినె కూర్చుని ఉంది. గుడి ఊడ్చే తతీస్ కూతురు. ఇరవై రెండేళ్ల పిల్ల, దండలు కట్టి అమ్ముతుంది. వేలికి దారం చుట్టుకుని, ఎటో చూస్తూ మాట్లాడుతూనే కట్టేస్తుంది. ఆ వేళ్ల ఒడుపును దియోగస్ ఎప్పుడూ ఆగి చూసేవాడు.

"ఏంటి మావా, గుడి కొనేస్తున్నావా? కొలతలు తెగ తీస్తున్నావు!"

"నాణెం మీద పెట్టాలే పిల్లా. ఆరు స్తంభాలూ పెడితే అమ్మకి చోటుండట్లేదు."

"అయితే ఈ రెండూ తీసిపారెయ్." మెల్తినె పక్కనున్న స్తంభాన్ని అరచేత్తో చరిచింది. "వీటి చాటున కూర్చుని నా బేరాలూ పోతున్నాయి. జనం గుడికొచ్చేది అమ్మని చూడ్డానికా, స్తంభాల్ని చూడ్డానికా?"

"మీ అమ్మ వింటే చంపేస్తుంది."

"మా అమ్మ సంగతి నీకెందుకు, ముందు మెట్ల మీద ఆ తాడు తీసెయ్. చీపురట్టుకుని వచ్చిందంటే తాడుతో పాటు నిన్నూ ఊడ్చేస్తుంది."

వెళ్లేటప్పుడు మిగిలిన దండ ఒకటి అతని మెడలో పడేసింది. ఊరికే.

నడిమి స్తంభాలు వదిలేసి లోపలి దేవుణ్ని చూపించడం వేరే ఊళ్ల నాణేల మీద దియోగస్ చూసినదే. పనివాళ్లలో ఉన్న పద్ధతే అది. ఎక్కడా ఎవరూ తప్పుపట్టలేదు. అయినా సొంత ఊరి గుడి అనేసరికి అతనికి చెయ్యాడలేదు. మెల్తినె మాటతో చెయ్యాడింది. నునుపు చేసిన కంచు మీద అప్పటికే ఆరు గీతలు గీసి ఉన్నాడు. నడిమి రెండింటినీ సానరాయితో అరగదీశాడు. రజను ఊదేసి, నవ్వుతూ, "తల్లీ, నీ కోసం రెండు స్తంభాలు పడగొట్టాను. ఇక బయటికి రా," అన్నాడు.

"వస్తుందిలే, నీ మొహం చూడ్డానికి," అంది అఫ్ఫియస్ మైనం పిసుకుతూ.

ఆ మాటలు ఆ గది దాటి వెళ్లలేదు.

నాణెం అందరికీ నచ్చింది. తల్లి సింహాలతో సహా నిండుగా కనిపించింది. తతీస్ కూడా, కూతురి చేతికొచ్చిన మొదటి నాణేన్ని ఖర్చు కానివ్వకుండా నడికట్టులో దోపుకుంది.

వసంతంలో, ద్రాక్షతోటల్లో పాదులు తవ్వే రోజుల్లో, పొద్దెక్కాక భూమి కదిలింది. ఆ నేల అప్పుడప్పుడూ కదులుతూనే ఉంటుంది. జనం చేతిలో గిన్నె పట్టుకుని, అది ఆగాక మళ్లీ తింటారు. ఈసారి గిన్నెడు గంజి తాగేంతసేపు ఊగింది. ఇళ్ల పెంకులు రాలాయి. కొలిమి గోడ నెర్రె విచ్చింది. గుడి దగ్గర రెండే స్తంభాలు పడ్డాయి. మూడోదీ, నాలుగోదీ. వాటి మీది రాతి దూలం సగానికి విరిగి వేలాడింది.

మెల్తినె ఆ మెట్టు మీదే ఉంది.

రాళ్లు దొర్లించినవాళ్లలో దియోగస్ ఒకడు. ముందు పిల్ల చెయ్యి బయటపడింది. వేలికి దారం చుట్టే ఉంది. అతను ఆ చేతిని చూడలేక పక్కకు తిరిగాడు. ఎదురుగా విరిగిన స్తంభపు రాయి. పనివాడి కన్ను కాబట్టి దాని మధ్యలో ఉన్న గుంటను చూసింది. కింది రాయినీ పై రాయినీ పట్టి ఉంచే ఇనుప మేకు చుట్టూ సీసం నిండా దిగాలి. అందులో సగమే దిగింది. మిగతా సగం మట్టి. ఎప్పుడో వందేళ్ల కిందట ఎవడో పనివాడు తొందరపడ్డాడు.

ఇరవై రోజుల తర్వాత తతీస్ నడికట్టులోంచి ఆ నాణెం తీసుకుని పూజారి మెత్రాస్ దగ్గరికి వెళ్లింది. గుడి ముందు జనం ఉన్నారు. వాళ్లలో దియోగస్ కూడా ఉన్నాడు. ఆమె వేలితో నాణెం మీద లెక్కపెట్టింది.

"ఒకటి, రెండు." వేలు తల్లిని దాటింది. "మూడు, నాలుగు. మిగతా రెండూ ఏవి పూజారిగారూ?"

"అందులో చెక్కలేదమ్మా."

"ఎందుకు చెక్కలేదు? పడిపోయేవి ఈ రెండేనని ఆర్నెల్ల ముందే ఎట్టా తెలిసింది?"

దియోగస్ ముందుకొచ్చాడు. "అక్కా, అది అమ్మ కనిపించడానికి చేసే పద్ధతి. స్తంభాల్లో సీసం సరిగ్గా పొయ్యలేదు, నేను కళ్లారా చూశాను. రాయి తిప్పి చూపిస్తా రా."

"సీసం ఆరింట్లోనూ అట్టానే ఉందేమో," అన్నాడు గుంపులోంచి ఒకడు. "మరి నువ్వు తీసేసినవే ఎందుకు పడ్డాయి?"

ఇంటికెళ్లి ఎంత ఆలోచించినా దియోగస్‌కు ఆ ప్రశ్నకు తనకు తాను చెప్పుకోవడానికి కూడా జవాబు దొరకలేదు.

తతీస్ అతని వైపు చూడలేదు. పేరూ ఎత్తలేదు. గుడిలోంచి తల్లి కోలను తెప్పించి, పడిన స్తంభాల మధ్య నిలబెట్టింది. "నా పిల్ల మీద ఇవి పడగొట్టినవాణ్ని తల్లే అడుగుతుంది. కళ్లతో బతికేవాడైతే కళ్లే అడుగుతుంది," అంది. చీపురు తీసుకుని మెట్లు ఊడవడం మొదలుపెట్టింది.

అదిగో, ఆ రోజు నుంచే దియోగస్ పొద్దున్నే నాణెంలో చుక్కలు వెతకడం మొదలుపెట్టాడు.

ఊరు అతనికి ఎడంగా జరిగింది. రొట్టెలవాడు చేత్తో ఇవ్వడం మానేసి పొయ్యిలో రొట్టెలు తోసే చెక్క మీద పెట్టి చాపేవాడు. నీళ్ల దగ్గర ఆడవాళ్లు అఫ్ఫియస్‌ను చూసి మాట మార్చేవారు. పొరుగూరి నుంచి అచ్చు కోసం రావలసిన మనిషి రాలేదు. అన్నిటికంటే అతన్ని భయపెట్టినది ఎవరూ తిట్టకపోవడం. తల్లి చేతిలో పెట్టిన పని గనక ఎవరికీ తొందర లేదు. అందరూ అతని కళ్ల వంకే చూసేవారు. రెప్ప కాస్త ఎర్రబడినా మరునాటికి బజారంతా తెలిసేది.

స్కోల్లస్‌కు వేరే భయం పట్టుకుంది. ఆ నాణెం మీద అతని పేరు కూడా ఉంది.

"ఆరూ పెట్టి కొత్త అచ్చు చెయ్యి," అన్నాడు వచ్చి. "ఆరంటే ఆరు. అసలు గుడికి ఎట్టా ఉన్నాయో అట్టాగే. మళ్లీ నీ తెలివితేటలు చూపించకు."

"ఆరు పెడితే తల్లి పట్టదయ్యా."

"తల్లి సంగతి తల్లి చూసుకుంటుంది. నువ్వు స్తంభాల సంగతి చూడు."

దియోగస్ వాదించలేదు. ఆరు రోజులు కూర్చున్నాడు. ఆ పనిలోనే తన చూపు ఎంత తగ్గిందో అతనికి పూర్తిగా తెలిసింది. దారమంత స్తంభం ఒక్కోసారి రెండుగా కనిపించేది. కన్ను మూసి, గోటితో గాడిని తడిమి, అది ఒకటేనని రూఢి చేసుకుని మళ్లీ ఉలి పెట్టేవాడు. స్తంభాలు కొలతకు కొలత వచ్చాయి. తల్లి కోసం మిగిలిన సందులో ఒక్క గీత పట్టింది.

అఫ్ఫియస్ మైనం అద్ది వెలుతురుకు ఎత్తింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది. "అమ్మేదయ్యా?"

"ఆ గీతే."

"ఇది స్తంభానికి పగులులా ఉంది."

"ఆరు పెట్టమన్నారు. పెట్టాను."

సంత రోజుకు ఆ అచ్చుతో నాణేలు కొట్టించి బయటికి వదిలారు. పొద్దున్నే శనగలమ్మే ఆవిడ ఒకటి చేతికి తీసుకుంది. వేలితో నడుమ తుడిచింది. ఉమ్మి తడి చేసి మళ్లీ తుడిచింది. తర్వాత దాన్ని నేల మీద పడేసి, తగలరానిదేదో తగిలినట్టు చెయ్యి లాక్కుంది.

"అమ్మ లేదు! గుళ్లో అమ్మ లేదు!"

ఆ కేక సంతంతా పాకింది. కొనేవాళ్లు బుట్టలు వదిలేశారు. మనుషులు గుడి వైపు పరుగెత్తారు. లోపల తల్లి ఎప్పటిలాగే ముసుగేసుకుని సింహాల మధ్య నిలబడి ఉంది. అది చూసినా ఎవరికీ గుండె కుదుటపడలేదు. లేకపోయుంటే ఏమయ్యేదన్నదే అందరి ముఖాల్లోనూ ఉంది. తిరిగి వచ్చేటప్పుడు జనం దియోగస్ ఇంటి ముందు ఆగారు. రాళ్లు వెయ్యలేదు, అరవలేదు. ఊరికే నిలబడి, కాసేపు చూసి, వెళ్లిపోయారు.

స్కోల్లస్ మాత్రం లోపలికి వచ్చి అరిచాడు. "కావాలనే చేశావు! నా మీద కక్ష!"

"నాలుగు పెడితే స్తంభాలు దొంగిలించానన్నారు. ఆరు పెడితే అమ్మని దొంగిలించానంటున్నారు," అన్నాడు దియోగస్ నీరసంగా. "మీరే ఒక లెక్క చెప్పండయ్యా, ఆ లెక్కకే చెక్కుతాను."

స్కోల్లస్ వెనకే వచ్చిన పూజారి మెత్రాస్ గుమ్మం దగ్గరే ఆగి అన్నాడు. "దియోగస్, ఇది అచ్చులతో తేలేది కాదు. కోల లేవాలి. నిలబెట్టిన చెయ్యే దాన్ని లేపాలి. నీ దగ్గర చెప్పాల్సింది ఏమన్నా ఉంటే వచ్చి చెప్పు. ఉన్నదంతా చెప్పు. మొన్నటికి మొన్న పావురాలు దొంగిలించినవాడు ఒక పావురం గురించి చెప్పి రెండోదాన్ని దాచాడు. చూపొచ్చింది. పండగ దాకా ఉంది. తర్వాత రెండు కళ్లూ ఒకేసారి పోయాయి. తల్లికి సగం మాటలు పనికిరావు."

దియోగస్‌కు చెప్పాల్సినవి రెండున్నాయి. ఒకటి తన మాట. రెండోది మెల్తినె మాట.

మర్నాడు పొద్దున గుడి దారిలో, కళ్ల రాళ్ల మధ్య నడుస్తూ అఫ్ఫియస్ ఆ సంగతే ఎత్తింది. "మెల్తినె అన్నది కూడా చెప్పు. ఆ పిల్లే తీసెయ్యమంది గదా. చెప్తే సగం భారం దిగుతుంది."

"ఎవరి మీదికి దిగుతుంది?"

"చచ్చిపోయిన పిల్లకి ఏమవుతుందయ్యా ఇప్పుడు? నీకు కళ్లు పోతే మనిద్దరం ఏం తింటాం? నేను మైనం పిసుక్కుంటూ కూర్చోనా?" ఆమె అతని దారికి అడ్డం నిలబడింది. "దాచకు. నీకు దణ్ణం పెడతాను, ఏదీ దాచకు."

"చెప్తాను," అన్నాడు దియోగస్. అప్పటికి నిజంగానే చెప్పాలనుకున్నాడు.

పడిన స్తంభాల మధ్య కోల నిలబెట్టే ఉంది. దాని పక్కనే తతీస్ చీపురు మీద ఆనుకుని నిలబడింది. మూడు నెలల్లో ఆమె సగమైంది. మెత్రాస్ ఒక బుట్ట తెచ్చి కింద పెట్టాడు. అందులో కళ్లు కనిపించని నేల ఎలుక, కాళ్లు కట్టేసిన పిచ్చుక, ఆకులో చుట్టిన ఉప్పుచేప ముక్క. తప్పును నేలకూ గాలికీ నీటికీ పంచడానికి తల చుట్టూ తిప్పేవి అవే. దియోగస్ చూపు ఎలుక మీద ఆగిపోయింది. అది బుట్ట గోడను మూతితో తడుముతూ, దారి కోసం తిరిగిన చోటే తిరుగుతోంది.

"చెప్పు," అన్నాడు మెత్రాస్.

"నేను అచ్చు మీద ఆరు గీతలూ గీశాను. రెండింటిని అరగదీశాను. అరగదీసి నవ్వాను." దియోగస్ గుడి లోపలికి చూశాడు. "తల్లీ, నీ కోసం రెండు స్తంభాలు పడగొట్టాను, ఇక బయటికి రా అన్నాను. పడగొట్టాను అనే అన్నాను. వేళాకోళానికే. ఆ మాట తల్లి విందని ఇప్పుడు అనిపిస్తోంది."

తతీస్ మొదటిసారి అతని ముఖంలోకి చూసింది.

"కొలతలు తీసిన రోజు నా పిల్ల ఇక్కడే కూర్చునుంది గదా?"

"ఉందక్కా."

"ఏమన్నా అందా?"

అఫ్ఫియస్ వెనక నుంచి అతని బట్ట పట్టుకుని లాగింది. దియోగస్ కోల వంక చూశాడు. తతీస్ చేతుల వంక చూశాడు. ఆమె వేళ్లకు కూడా దారం చుట్టి ఉంది. మెల్తినె బుట్టలో మిగిలిన దారమే అయ్యుండాలి. ఆ స్తంభాలు తీసెయ్యమన్నది ఆ పిల్లేనని ఈమెకు చెబితే, రేపటి నుంచి ఈ మెట్లు ఊడుస్తూ ఎవరిని తిట్టుకోవాలి?

"అందక్కా," అన్నాడు. "మెట్ల మీద తాడు తీసెయ్యమంది. మా అమ్మ చీపురట్టుకుని వచ్చిందంటే తాడుతో పాటు నిన్నూ ఊడ్చేస్తుందంది."

తతీస్ నోటి మూల ఒకవైపుకు పోయింది. నవ్వో ఏడుపో ఎవరికీ తెలియలేదు. "అంటుంది, అది అట్టాగే అంటుంది," అంది. చీపురు చెయ్యి మార్చుకుని, "ఇంకేమంది?" అని అడిగింది.

"అంతే."

వెనక అఫ్ఫియస్ చెయ్యి తన బట్టను వదిలెయ్యడం దియోగస్‌కు తెలిసింది.

మెత్రాస్ ఎలుకనూ పిచ్చుకనూ చేపనూ మూడుసార్లు తల చుట్టూ తిప్పాడు. తతీస్ చీపురు కింద పెట్టి, రెండు చేతులతో కోలను పైకి లాగింది. అది నేలలో బాగా దిగిపోయి ఉంది. దియోగస్ సాయం పట్టబోతే వద్దంది. ఒక్కతే లాగి, భుజాన వేసుకుని లోపలికి తీసుకెళ్లింది. జనం తల్లి పేరు ఎత్తి కేకలు వేశారు.

ఇంటికొచ్చి గుమ్మంలో కాళ్లు కడుక్కుంటూ అఫ్ఫియస్, "పండగ దాకా ఉంటుందేమో," అంది. అంతకుమించి ఎప్పుడూ అనలేదు.

దియోగస్ తన రాయిని తానే చెక్కుకున్నాడు. రాయి మీద పని అతనికి అలవాటు లేదు. అయినా ఆ దారిలో ఉన్న కళ్లన్నిటిలో నిజం కళ్లలా ఉన్నవి ఆ రెండే. రెప్పలూ, గుడ్లూ, చివర ముడతలతో సహా. కింద తన మాట రాశాడు. రాయని మాట ఉండాల్సిన చోట కాస్త ఖాళీ మిగిలింది. అక్కడ ఒక ద్రాక్షాకు చెక్కి నింపాడు.

పండగ వచ్చి వెళ్లింది. కళ్లు పోలేదు, బాగుపడనూ లేదు. భయం మాత్రం అలాగే ఉంది. పొద్దున్నే లేచి రెప్పలు విప్పే ముందు ఒక్క క్షణం ఆగేవాడు. విప్పితే చీకటే ఉంటుందేమోనని. కొలిమి నిప్పు వైపు చూసి కళ్ల ముందు ఆకుపచ్చ మచ్చలు ఆడితే, అవి ఆగేదాకా ఉలి కింద పెట్టి గోడకు ఆనుకునేవాడు.

మూడేళ్లకు గుడి స్తంభాలను మళ్లీ నిలబెట్టారు. సీసం పోసే రోజు దియోగస్ పొద్దుటి నుంచి పొయ్యి పక్కనే నిలబడ్డాడు. ప్రతి గుంటా అంచు దాకా నిండిందో లేదో పుల్ల పెట్టి చూశాడు. పనివాళ్లు విసుక్కున్నా కదల్లేదు. ఆ ఏడు ఊరి పెద్ద కొత్త నాణెం కావాలన్నాడు. "ఎన్ని స్తంభాలు పెట్టనయ్యా?" అని దియోగస్ అడిగితే ఆయన జడుసుకుని, "వెళ్లి తతీస్‌నే అడుగు," అన్నాడు.

తతీస్ మెట్ల మీద కూర్చుని ఉంది. "అమ్మ కనిపించాలి," అంది. "మిగతాది నీ పని."

నాలుగు పెట్టాడు. తల్లిని నిండుగా చెక్కాడు. అంతా అయ్యాక, తల్లి ముందు మెట్టు మీద, ఆవగింజంత దండ ఒకటి పెట్టాడు. మైనం ఎత్తి చూసిన అఫ్ఫియస్ వేలు దాని మీద ఆగింది.

"ఇదేంటి, ఇక్కడ ముద్దలా ఉంది? ఉలి జారిందా?"

"దండ."

ఆమె మైనాన్ని మళ్లీ మళ్లీ వెలుతురులో తిప్పింది. తర్వాత జాగ్రత్తగా గుడ్డలో చుట్టి దాచింది.

అప్పటి నుంచి పొద్దున్నే అతను వెతికేది ఆ దండనే. తతీస్ చీపురు భుజాన వేసుకుని అటుగా గుడికి పోతూ, "కళ్లెట్టా ఉన్నాయి తమ్ముడూ?" అని పలకరించేది. "బాగున్నాయక్కా" అనేవాడు. ఆమె సందు మలుపు తిరిగేదాకా అతని గుండె నెమ్మదించేది కాదు. ఈ రోజు అడుగుతుందేమో, ఇంకేమందని.

ఆమె అడగలేదు. అయిదేళ్ల తర్వాత ఒక చలికాలం ఆమె కూడా పోయింది. ఇక చెప్పడానికి ఎవరూ లేరు. ఆ మాట దాచాల్సింది మాత్రం అమ్మవారి ఒక్కరి దగ్గరే.

ఆ వసంతంలో ఒక పొద్దున దియోగస్ గడప మీద కూర్చున్నాడు. ఎండ మోకాళ్ల మీదికి వచ్చింది. నాణెం అరచేతిలో వెచ్చగా ఉంది. గుడి కప్పు తెలిసింది. స్తంభాలు గోధుమరంగు మసకలో నాలుగు నీడల్లా ఉన్నాయి. వాటి మధ్య తల్లి ఉండాల్సిన చోట పాలమీగడలాంటి తెలుపు తప్ప ఏమీ లేదు. మెట్టు లేదు. దండ లేదు. తల ఎత్తి వీధి చూశాడు. ఎదురింటి గోడ మీద కూడా అదే తెలుపు పాకింది. నాణెం జారబోతే గట్టిగా పట్టుకున్నాడు.

"కనిపించిందా?" లోపల నుంచి అఫ్ఫియస్ గొంతు. పిండి కలుపుతున్న చప్పుడు ఆగింది.

అతను కళ్లు మూసుకున్నాడు. బొటనవేలితో నాణెం అంచు నుంచి లోపలికి మెల్లగా తడిమాడు. అక్షరాలు. స్కోల్లస్ తర్వాత వచ్చిన ఊరి పెద్ద పేరు. మెట్ల గీతలు, ఒకటి, రెండు. రెండో గీత మీద గోటికి చిన్నగా, గరుకుగా తగిలింది.

"ఉంది," అన్నాడు దియోగస్.